గాలికి చల్లబడే ఇంజను, చల్లబడని ధర



కారు షోరూము గేటు దాటిన క్షణం నుంచే దాని ధర దిగడం మొదలవుతుంది. ఈ సంగతి తెలియడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు. ఒక్కసారి బండి అమ్ముకున్నవాళ్లను అడిగితే చాలు, నిట్టూర్పుతో సహా చెబుతారు. కారు ఎంత ఖరీదైనదైతే ఆ దిగుడు అంత నిటారుగా ఉంటుంది. కోటి రూపాయలు పోసి కొన్న పెద్ద జర్మన్ కారు కొన్నేళ్లు తిరిగేసరికి అందులో మూడో వంతు ధరకు బేరానికి రావడం మన హైదరాబాదులో వింతేమీ కాదు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ లెక్కకు ఎదురు తిరిగిన కార్ల గురించి. ముఖ్యంగా ఒక కారు గురించి. దాని చుట్టూ మరికొన్ని వచ్చి పోతాయి.

జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరం ఉంది. అందులో జుఫెన్‌హౌజెన్ అనే పేట. పోర్షే కంపెనీ కర్మాగారం అక్కడే. వాళ్ల 911 అనే స్పోర్ట్స్ కారు 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో మొదటిసారి జనం ముందుకు వచ్చింది. ఈ రోజుకీ అదే పేరుతో, దూరం నుంచి చూస్తే అదే ఆకారంతో తయారవుతోంది. పేరు ఒకటే అయినా మధ్యలో చాలా తరాలు మారాయి. ఒక్కో తరానికి కంపెనీ లోపల ఒక్కో అంకె ఉంటుంది. 1993లో మొదలై 1998లో ఆగిపోయిన తరాన్ని 993 అంటారు. దాని వెనకాలే వచ్చింది 996. ఈ రెండు అంకెలూ కాసేపు గుర్తుపెట్టుకోండి. 993 పాతది, 996 కొత్తది.

అమెరికాలో 993 మామూలు రకం కొత్తగా సుమారు 64 వేల డాలర్లు ఉండేది. 996 కూడా ఇంచుమించు అంతే, 65 వేలు. నిలబడిన చోటు నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పాతదానికి 5.6 సెకన్లు పడితే కొత్తదానికి 5.2 చాలు. కొత్తది 18 సెంటీమీటర్లకు పైగా పొడవెక్కువ, లోపల కాళ్లు చాపుకోవచ్చు, ఏసీ నిజంగానే చల్లబరుస్తుంది. ఏ కొలబద్ద పెట్టి చూసినా కొత్తదే మేలైన కారు. అయినా ఇవాళ ఆ దేశంలో ఎవరైనా రెండింటినీ బేరమాడితే, బాగా చూసుకున్న 993కి పలికే ధర అదే స్థితిలో ఉన్న మామూలు 996 ధరకు రెండు మూడు రెట్లుంటుంది. మంచి 993 అయితే దాని యజమాని అప్పట్లో షోరూములో కట్టిన మొత్తం కన్నా ఎక్కువే వస్తోంది.

పాతది కాబట్టి విలువ అనుకుంటే పొరపాటు. పాతదనమే విలువైతే ఫెరారీ వారి మొండియల్ అనే కారు ఈపాటికి కోట్లు పలకాలి. 1980లో వచ్చి 1993 దాకా తయారైన ఆ కారు, గుర్రం బొమ్మ ఉండి కూడా, ఫెరారీల్లో చవకగా దొరికేవాటిలో ఒకటిగా మిగిలిపోయింది. పాత కార్లలో తొంభై పాళ్లు తుక్కే. మిగిలిన ఆ కొద్దింటికే ఈ భాగ్యం ఎందుకు పట్టిందన్నదే ఇక్కడి ప్రశ్న.

993 దాకా వచ్చిన 911ల ఇంజను సంగతి కొంచెం చెప్పాలి. ఆరు సిలిండర్లు, ఈ పక్క మూడు, ఆ పక్క మూడు పడుకోబెట్టినట్టు ఉంటాయి. ఇంజను కారు ముందు భాగంలో ఉండదు, వెనక చక్రాల కన్నా వెనక ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, దానికి రేడియేటరు లేదు, నీళ్లు లేవు. సిలిండర్ల మీద మన మోటార్ సైకిళ్లకు ఉన్నట్టే రెక్కలుంటాయి. బెల్టుతో తిరిగే పెద్ద ఫ్యాను ఒకటి ఆ రెక్కల మీదికి గాలి తోస్తుంది. చాలా వేడిని ఇంజన్ ఆయిలే మోసుకుపోతుంది. ఇలా నడిచే ఇంజను చేసే చప్పుడు వేరు. నీటితో చల్లబడే ఇంజన్లో సిలిండర్ల చుట్టూ నీటి గదులుంటాయి, అవి చప్పుడును మింగేస్తాయి. ఇక్కడ మింగేదేమీ లేదు. లోహం మీద లోహం తిరిగే పొడి గరగర, దాని మీద ఫ్యాను హోరు, యాక్సిలరేటరు నొక్కేకొద్దీ పైకి లేచే గొంతు. ఒకసారి విన్నవాళ్లు కళ్లు మూసుకుని కూడా పోల్చుకుంటారు.

ఆ పద్ధతిని కంపెనీ ముప్ఫై అయిదేళ్లు లాగింది. చట్టాలు మాత్రం ఆగలేదు. పొగ మీద నిబంధనలు, చప్పుడు మీద నిబంధనలు ఏటేటా బిగుసుకున్నాయి. పొగ తగ్గాలంటే, శక్తి పెరగాలంటే సిలిండరుకు రెండు వాల్వులు చాలవు, నాలుగు కావాలి. నాలుగు వాల్వుల హెడ్డును ఒక్క గాలితో చల్లబరచడం దాదాపు కాని పని. 1998 మార్చి ఆఖరున గాలితో చల్లబడే చివరి 911 బయటికి వచ్చింది. అక్కడితో ఆ తలుపు మూసేశారు. అప్పటికి అలాంటి 911లు నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. అందులో 993 తరానివి 68 వేల చిల్లర.

ఇక నీటితో చల్లబడే ఇంజనుతో కొత్తగా వచ్చిన 996 వైపు చూద్దాం. దాన్ని అందరూ తిట్టారు గానీ, న్యాయంగా చూస్తే కంపెనీని నిలబెట్టింది అదే. 1980ల మధ్యలో ఏడాదికి 50 వేల కార్లు అమ్మిన పోర్షే, 1990ల మొదట్లో 20 వేలు కూడా అమ్మలేని స్థితికి వచ్చింది. దివాలా అంచుల్లో ఉన్న కంపెనీ పగ్గాలు వెండెలిన్ వీడెకింగ్ అనే ఇంజనీరు చేతికి వచ్చాయి. ఆయన జపాన్ నుంచి, టొయోటాలో పనిచేసి వచ్చిన నిపుణులను పిలిపించి, ఫ్యాక్టరీలో పని జరిగే తీరునే మార్పించాడు. చవకైన బాక్స్‌టర్ అనే రెండు సీట్ల కారునూ, 996నూ ఒకే కుదురు నుంచి తీయించాడు. రెండింటికీ ముందు భాగం ఇంచుమించు ఒకటే. తలుపులు, లైట్లు, డ్యాష్‌బోర్డులో చాలా భాగం పంచుకున్నాయి. లెక్కల పుస్తకంలో ఇది గొప్ప పని. ఎంతో ఎక్కువ డబ్బు పోసి 911 కొన్నవాడికి మాత్రం, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర పక్కన వచ్చి ఆగిన బాక్స్‌టర్ ముఖం తన కారు ముఖంలాగే ఉండటం మింగుడుపడలేదు. పసుపు అద్దం కలిసిన ఆ హెడ్‌లైట్లకు అభిమానులు వేయించిన కోడిగుడ్డు అని పేరు పెట్టారు. ఆ పేరు పోలేదు.

పరువు పోవడానికి అందం ఒక్కటే కారణమైతే కాలం మాన్పేది. 996 మామూలు ఇంజన్లో ఒక చిన్న బేరింగు ఉంది. ఐఎంఎస్ బేరింగు అంటారు, మధ్య షాఫ్టును మోసేది. కొన్ని కార్లలో అది ముందు సూచన లేకుండా అరిగి విరిగిపోయేది. విరిగిందంటే ఇంజను మొత్తం పోయినట్టే. అన్ని కార్లకూ అలా కాలేదు, ఎక్కువ కార్లకు ఏమీ కాలేదు. అయినా సెకండ్ హ్యాండ్ బజారుకు భయం చాలు, లెక్కలు అక్కర్లేదు. అమెరికాలో కోర్టు దాకా వెళ్లి పరిహారం ఒప్పందం కూడా జరిగింది. ఆనాటి నుంచి మామూలు 996 కొనేవాడు మొదట అడిగేది ఆ బేరింగు సంగతే.

ఇక్కడే ఒక చక్కటి సాక్ష్యం దొరుకుతుంది. 996లోనే టర్బో, జీటీ3 అనే పై రకాలున్నాయి. వాటిలో ఈ ఇంజను లేదు. హాన్స్ మెట్స్‌గర్ పేరుతో పిలిచే మరో ఇంజను ఉంది. మొదటి 911 ఇంజన్‌ను తీర్చిన మనిషి ఆయనే, ల మాన్స్ పందెంలో గెలిచిన 917 ఇంజనూ ఆయన చేతి పనే. ఆ మెట్స్‌గర్ ఇంజను పందెం కార్ల వంశం నుంచి వచ్చింది. అదే ముఖం, అవే గుడ్డు లైట్లు, అదే డ్యాష్‌బోర్డు ఉన్నా, మొదటి జీటీ3 ధర మాత్రం దర్జాగా నిలబడింది. కాబట్టి జనం ముఖం చూసి తిట్టినా, డబ్బు తీసేటప్పుడు చూసింది ఇంజన్నే.

వేగం గురించి ఒక మాట. స్పోర్ట్స్ కారు అనగానే మనం వేగమే దాని విలువ అనుకుంటాం. నిజానికి ఆ కారులో అన్నిటికన్నా ముందు పాతబడేది వేగమే. 993కి 5.6 సెకన్లు ఆ రోజుల్లో గొప్ప. ఇప్పటి మామూలు 911 ఆటోమేటిక్ గేర్లతో నాలుగు సెకన్ల చిల్లరలో అదే పని చేస్తుంది. బ్యాటరీ కార్లు ఇంకా ముందున్నాయి, అదీ చప్పుడు లేకుండా. వేగం కోసం కొన్నవాడికి రేపటి కారు ఎప్పుడూ మెరుగ్గానే ఉంటుంది, అందుకే వేగాన్నే నమ్ముకుని అమ్మిన కారు రేపటికి చవకైపోతుంది. కోట్లు పెట్టిన కొత్త సూపర్ కార్లు మూడేళ్లకే ధర జారిపోవడానికి సగం కారణం ఇది. పోర్షే వారి సొంత విద్యుత్ కారు టైకాన్ రెండో యజమాని చేతికి వచ్చేసరికి ఎంత దిగిపోతోందో యూరప్ బజార్లలో అందరికీ తెలుసు. అది చెడ్డ కారు కాదు. చాలా మంచి కారు. కాకపోతే దానికన్నా మంచి బ్యాటరీతో మరొకటి వెనకే వస్తోంది.

మరి పాతబడనిది ఏమిటి? మళ్లీ ఎవరూ తయారు చేయనిది. గాలితో చల్లబడే ఇంజను అలాంటిదే. చేత్తో మార్చే గేరు కూడా ఆ జాబితాలోకి వచ్చేసింది. ఫెరారీ చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2004లో వచ్చిన ఎఫ్430 కారును రెండు రకాలుగా అమ్మారు. ఒకటి మామూలు గేరు రాడ్, క్లచ్ పెడలు ఉన్నది. రెండోది స్టీరింగు వెనక మీటలు నొక్కితే గేరు మారేది. కొన్నవాళ్లలో ఎక్కువ మంది అదనంగా వేల డాలర్లు కట్టి మీటలదే తీసుకున్నారు. అదే కదా ఆధునికం, పందెం కార్లలోనూ అదే కదా ఉన్నది! తర్వాత 2009లో వచ్చిన 458కి గేరు రాడ్ అసలు పెట్టనే లేదు. ఆ రోజుతో ఎఫ్430లో గేరు రాడ్ ఉన్న ఆ కొద్ది కార్లకు కాలం కలిసొచ్చింది. ఇవాళ అవి మీటల కారు ధరకు దాదాపు రెట్టింపు పలుకుతున్నాయి. ఆనాడు అదనంగా కట్టించుకున్న వసతే ఈనాడు ధర తగ్గించే లోపమైంది. కొందరు షెడ్లలో మీటలు తీయించి గేరు రాడ్ పెట్టించుకుంటున్నారు కూడా. అయినా ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చిన కారు దారి వేరు, దాని ధర వేరు.

మూసిన తలుపును కంపెనీయే మళ్లీ తెరిస్తే ఏమవుతుందో కూడా పోర్షే పుణ్యమా అని చూశాం. ఈ కథ నాకు భలే ఇష్టం. 2013లో వచ్చిన 911 జీటీ3ని కంపెనీ ఆటోమేటిక్ గేర్లతో మాత్రమే ఇచ్చింది. చేత్తో గేరు మార్చుకునే భక్తులు గొడవపెట్టారు. 2016లో 911 ఆర్ అనే ప్రత్యేక రకం వచ్చింది. 500 గుర్రాల శక్తి, చేతి గేర్లు మాత్రమే, మొత్తం 991 కార్లు. జర్మనీలో ధర లక్షా తొంభై వేల యూరోలకు కాస్త తక్కువ. నెలలు తిరక్కుండానే దాన్ని ఆ ధరకు ఎన్నో రెట్లకు బేరం పెట్టారు. కారును ఒక్క కిలోమీటరు కూడా తోలకుండా, సీటు మీది ప్లాస్టిక్ తీయకుండా దాచుకున్న మహానుభావులు ఉన్నారు. మరుసటి ఏడాదే కంపెనీ కొత్త జీటీ3లో చేతి గేర్లు కావాలన్నవాళ్లకు అవే ఇస్తామంది. ఇంకేముంది, 911 ఆర్ ధరలు జారడం మొదలుపెట్టాయి. 911 ఆర్ ఇప్పటికీ ఖరీదైనదే. మధ్యలో చేరిన బేరగాళ్ల లాభం మాత్రం ఆవిరైంది. కారులో ఒక్క బోల్టు మారలేదు. మారింది ఒక్కటే, అలాంటిది మళ్లీ దొరుకుతుందన్న కబురు.

అరుదుతనం గురించి చెప్పుకుంటే 1972 నాటి కరేరా ఆర్‌ఎస్ 2.7ను వదిలి వెళ్లలేం. పందేలలో పాల్గొనడానికి నిబంధన ప్రకారం 500 కార్లు జనానికి అమ్మి తీరాలి. 500 మంది ఎక్కడ దొరుకుతారని కంపెనీ అమ్మకాల వాళ్లే గుంజాటన పడ్డారు. ఆ కారు బరువు తగ్గించడానికి రేకు పలచన చేశారు, అద్దాలు పలచన చేశారు. తేలిక రకంలో వెనక సీట్లు, తివాచీ, చివరికి గడియారం కూడా తీసేశారు. వెనక ఇంజను మూత మీద బాతు తోకలా పైకి లేచిన రెక్క ఒకటి పెట్టారు. అక్టోబరులో పారిస్ షోలో చూపించారు, నవంబరు ఆఖరుకు 500 కార్లూ అయిపోయాయి. చివరికి 1,580 కట్టారు. అప్పట్లో 34 వేల మార్కులకు అమ్మిన ఆ కారులో తేలిక రకం ఇప్పుడు వేలంలోకి వస్తే పది లక్షల డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. గడియారం లేని కారుకు.

అరుదుగా ఉంటే సరిపోదు, దాన్ని కోరుకునే తరం ఒకటి ఉండాలి. ఆ తరం చేతిలో డబ్బు ఆడాలి. మీరు గమనించారో లేదో, 993 ధర 1998లోనే పెరగలేదు. 2000 తర్వాత పదేళ్లపాటు అది కూడా మామూలు పాత కారులాగే దిగుతూ వచ్చింది. ఎక్కడం మొదలైంది తర్వాత. ఎవరు ఎక్కించారు? ఆ కారు కొత్తగా ఉన్నప్పుడు గోడ మీద దాని పోస్టరు అంటించుకున్న కుర్రాళ్లు. వాళ్లకు నలభై దాటి, ఇంటి అప్పు తీరి, చేతిలో నాలుగు డబ్బులు మిగిలే వేళకు ధర ఎక్కింది. పాత కార్ల బజారులో ఇది దాదాపు పంచాంగంలా నడుస్తుంది. మన వైపు పోస్టర్లు లేవు గానీ, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి నీడ్ ఫర్ స్పీడ్ ఆడిన తరం మనకూ ఉంది. ఆ ఆటలో 2000 సంవత్సరపు భాగం మొత్తం ఒక్క పోర్షే కార్లతోనే వచ్చింది. స్టీరింగు పట్టుకోకుండానే, కీబోర్డు బాణాల మీదే ఈ కార్ల పేర్లన్నీ నేర్చుకున్న మన కుర్రాళ్లు ఇప్పుడు న్యూజెర్సీలో, డల్లాస్‌లో నలభైల్లో ఉన్నారు.

జపాన్ కార్ల ధరలు పెరిగిందీ ఈ దారినే. టొయోటా సుప్రా నాలుగో తరం 1993లో వచ్చింది. మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల, పోత ఇనుము బ్లాకు ఇంజను. ఎంత శక్తి పెంచినా తట్టుకుంటుందని మెకానిక్కుల లోకంలో పేరు. 2001లో వచ్చిన ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాలో పాల్ వాకర్ నడిపిన నారింజ రంగు సుప్రా 2021లో వేలంలో 5 లక్షల 50 వేల డాలర్లకు పోయింది. అది సినిమా కారు, దాన్ని లెక్కలోంచి తీసేద్దాం. 2019లో టొయోటా కొత్త సుప్రాను సుమారు 50 వేల డాలర్లకు విడుదల చేసిన సంవత్సరమే, తక్కువ తిరిగిన 1994 సుప్రా ఒకటి అమెరికా వేలంలో లక్షా 73 వేల 600 డాలర్లకు అమ్ముడైంది. కొత్తది బీఎండబ్ల్యూ ఇంజనుతో, ఆస్ట్రియాలో కట్టింది. మంచి కారే. పాత సుప్రా అభిమాని మాత్రం దాని బానెట్ ఎత్తి చూసి మొహం చిట్లించాడు.

నిస్సాన్ స్కైలైన్ జీటీఆర్ విషయంలో చట్టం కూడా ఒక చెయ్యి వేసింది. అమెరికా భద్రతా నిబంధనలకు సరిపడని కారును 25 ఏళ్లు నిండేదాకా ఆ దేశంలోకి తేవడం కష్టం. 1999లో మొదలైన ఆర్34 రకానికి 2024లో గడువు తీరడం మొదలైంది. గడువు దగ్గరపడే కొద్దీ జపాన్‌లో దాని ధర ఎక్కుతూ పోయింది. అమెరికా కొనుగోలుదారు రాబోతున్నాడని తెలిసిన అమ్మకందారు ఊరుకుంటాడా?

ఇంకొక సంగతి చాలామంది మరిచిపోతారు. ధర నిలవాలంటే ముందు కారు నిలవాలి. 1970ల మధ్య నుంచి పోర్షే 911 బాడీ మొత్తానికి జింకు పూత వేస్తూ వచ్చింది. అందుకే తర్వాతి కార్లు మంచు మీద ఉప్పు చల్లే దేశాల్లో కూడా తుప్పు పట్టి పోలేదు. విడిభాగాలు కంపెనీయే ఇంకా అమ్ముతోంది. రిపేరు తెలిసిన స్వతంత్ర మెకానిక్కులు ఊరూరా ఉన్నారు. స్పానర్లు, ఓపిక ఉంటే చాలా పనులు అయిపోతాయి. లాస్ ఏంజిలస్‌లో సింగర్ అనే సంస్థ 993 కన్నా ముందు తరమైన 964 కార్లను పూర్తిగా విప్పి, సరికొత్తగా కట్టి లక్షల డాలర్లకు ఇస్తోంది. దాన్ని పెట్టిన రాబ్ డికిన్సన్ ఒకప్పుడు రాక్ గాయకుడు. పోర్షే వాళ్లే 2018లో మిగిలిన ఒక పాత 993 బాడీ తీసుకుని బంగారు రంగు టర్బో ఒకటి కట్టి వేలం వేస్తే, 27 లక్షల యూరోలు దాటింది. రోడ్డు మీద నడపడానికి అనుమతి లేని కారది.

అదే ఇప్పటి కారులో పదుల కొద్దీ కంప్యూటర్లు, నాలుగు తెరలు, ఒక బ్యాటరీ పెట్టె. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ తెర ఆరిపోతే ఎవరు చేసిస్తారు? దీనికి మెక్‌లారెన్ ఎఫ్1 కథ చెప్పుకోవాలి. గోర్డన్ మర్రీ రూపొందించిన ఆ కారు 1990లలో మొత్తం 106 మాత్రమే కట్టారు. దాన్ని సర్వీసు చేయడానికి ఆ కాలపు కాంపాక్ ల్యాప్‌టాప్ ఒక ప్రత్యేక రకం కావలసి వచ్చేది, వేరే కంప్యూటరు పనికివచ్చేది కాదు. అందుకోసం కంపెనీ వాళ్లు పాత ల్యాప్‌టాప్‌లు వెతుక్కుని దాచుకోవలసి వచ్చింది. 2021లో ఒక ఎఫ్1 రెండు కోట్ల డాలర్లు దాటి అమ్ముడైంది గనుక ఆ యజమానులకు ల్యాప్‌టాప్ ఖర్చు బాధ కాదు. లక్షల సంఖ్యలో తయారైన మామూలు కార్లకు ఆ మర్యాద ఎవరూ చేయరు.

ఇంత చెప్పాక, ఇవి బంగారు కడ్డీలని ఎవరైనా అనుకుంటే వాళ్లకు 1990 గుర్తుచేయాలి. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయాడు. జపాన్‌లో డబ్బు వరదలా పారుతున్న రోజులు. పాత ఫెరారీల ధరలు నెలనెలా ఎగిరాయి. కారు నడపడం రానివాళ్లు కూడా కొన్నారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ బుడగ పేలింది. ఆ వేడిలో అడ్వాన్సులు కట్టించుకున్న జాగ్వార్ ఎక్స్‌జే220 1992లో తయారై వచ్చేసరికి బజారు చల్లబడింది. చెప్పింది పన్నెండు సిలిండర్ల ఇంజను, ఇచ్చింది ఆరు సిలిండర్లది. అడ్వాన్సు ఇచ్చినవాళ్లు కొందరు కోర్టుకెళ్లారు. ఆ కారు తర్వాత చాలా ఏళ్లు అసలు ధరలో సగానికి కూడా నోచుకోలేదు.

మన దేశం సంగతికి వస్తే, ఈ బజారు మనకు దాదాపు లేదనే చెప్పాలి. మూడేళ్లు దాటిన వాడిన కారును దిగుమతి చేసుకోవడానికి మన నిబంధనలు మామూలుగా ఒప్పుకోవు. జర్మనీలో ముప్ఫై ఏళ్లు నిండిన కారుకు చారిత్రక వాహనంగా వేరే నెంబరు ప్లేటు, పన్నులో రాయితీ ఇస్తారు. మన కేంద్ర ప్రభుత్వం 2021లో వింటేజ్ వాహనాలకు నిబంధనలు పెట్టింది గానీ, యాభై ఏళ్లు నిండాలి. రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు. నెంబరులో వీఏ అనే అక్షరాలుంటాయి. ఆ కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేర్లకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. ఆ లెక్కన చివరి 993 మన చట్టం కంట్లో వింటేజ్ అయ్యేది 2048లో.

అయితే ఈ మోజు మనకు తెలియనిదేమీ కాదు. యమహా ఆర్ఎక్స్ 100 చూడండి. 1985లో వచ్చింది, 1996లో ఆగింది. వంద సీసీ కూడా లేని టూ స్ట్రోక్ ఇంజను, పదకొండు గుర్రాల శక్తి. పొగ నిబంధనలు దాన్నీ, దాని జాతినీ తుడిచిపెట్టాయి. ఇవాళ మన జిల్లాల్లో ఒరిజినల్ ఆర్ఎక్స్ ఉందంటే, దానికి కొత్త బండి ధర చెప్పేవాళ్లున్నారు. 2018లో దాని పేరుతోనే ఒక తెలుగు సినిమా వచ్చింది. అంతకన్నా వేగంగా పోయే బండ్లు ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నాయి. ఆ చప్పుడు మాత్రం ఏ షోరూములోనూ లేదు. జుఫెన్‌హౌజెన్‌లో జరిగినదే తణుకులోనూ, వరంగల్లులోనూ జరిగింది. బేరం పరిమాణంలోనే తేడా.

చివరగా, విదేశాల్లో ఉండి ఈ కార్ల మీద మనసు పడ్డ మన వాళ్లకు ఒక మాట. ఫోటోలు చూసి డబ్బు పంపకండి. కొనేముందు ఆ రకం కార్లు తెలిసిన మెకానిక్కుకు ఫీజు ఇచ్చి, లిఫ్టు మీద పెట్టించి చూపించండి. ఇంజను మీద కొట్టిన నెంబరూ, కాగితాల్లో ఉన్న నెంబరూ ఒకటేనా కాదా సరిచూడండి. సర్వీసు బిల్లులు మొదటి యజమాని నుంచి ఉన్న కారుకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. అప్పు చేసి మాత్రం కొనకండి. బీమా, షెడ్డు, టైర్లు, ఏటా సర్వీసు కలిస్తే పెరిగిన ధరలో చాలా భాగం వాటికే పోతుంది.

993 కొనే సమయం దాటిపోయిందని నా అభిప్రాయం. దాని విలువ ఇప్పటికే అందరికీ తెలిసిపోయింది. అందరూ చిన్నచూపు చూసిన ఆ 996లోనే, చేతి గేర్లు ఉండి, ఆ బేరింగు మార్పించినట్టు బిల్లు ఉన్న కారు దొరికితే ఆలోచించండి. వాటి ధరలు కూడా అడుగున ఉన్న రోజుల నుంచి ఇప్పటికే కొంచెం లేచాయి. హెడ్‌లైట్ల సంగతంటారా, లోపల కూర్చుని తోలేవాడికి అవి కనబడవు.